రైలుకూ రైలుకూ నడుమ ఒక పాట

మా ఆయన దుకాణం నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో ఉండేది. కింద రేడియో రిపేరు, మెట్లెక్కితే పైన మా కాపురం. నేను గన్‌ఫౌండ్రీలో పెరిగాను. మా నాన్న బడిపంతులు. సాయంత్రాలు ఇంట్లోనే ట్యూషన్లు చెప్పేవాడు కాబట్టి మా ఇంట్లో అందరికీ గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటు. పెళ్ళై నాంపల్లికి వచ్చాక ఆ గల్లీ మనుషుల కంటే ముందు దాని చప్పుళ్ళే నాకు పరిచయమయ్యాయి. ఇంజను స్టేషన్లోకి వచ్చేటప్పుడు వేసే కూత వేరు, బయలుదేరేటప్పుడు వేసే కూత వేరు అని అక్కడే తెలిసింది. ఖాళీ టాంగా వెళ్తే ఒక చప్పుడు, మనుషులెక్కిన టాంగా వెళ్తే ఇంకో చప్పుడు. కిటికీ దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని ఏది ఏదో కనిపెట్టడం నాకొక ఆట. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే కొత్త కోడలికి పనిలేదనుకుంటారని భయం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళే అయింది. ఆఫీసర్లు వస్తూ పోతూ ఉన్న రోజులు. అలా బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు చెడిపోయిన టేప్ రికార్డరు ఒకటి మా దుకాణంలో ఇచ్చి, దాని బదులు మంచి రేడియో ఒకటి పట్టుకుపోయాడు. పెద్ద సూట్‌కేసంత పెట్టె. పైన రెండు చక్రాలు, వాటి మధ్య గోధుమరంగు నాడాలాంటి టేపు. ముందువైపు ఒక పచ్చటి దీపం ఉండేది. మాట్లాడితే అది పిల్లికన్నులా సన్నబడేది. మా ఆయన దాన్ని మొత్తం విప్పి, లోపల తెగిన రబ్బరు బెల్టు స్థానంలో సైకిల్ ట్యూబు కోసి వేశాడు. ఆ ట్యూబు బెల్టుతో ఎవరు మాట్లాడినా జ్వరం వచ్చి వణుకుతున్నట్టు వినిపించేది. తర్వాత బొంబాయి నుంచి సరైన బెల్టు తెప్పించాడు.

అది బాగుపడిన రోజు నన్ను కిందికి పిలిచాడు.

"గిదిగో, మైకు. ఏదన్న మాట్లాడు."

"ఏం మాట్లాడాలె? పొయ్యి మీద పప్పున్నది," అన్నాను.

టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. ఎవరో పిల్ల, ముక్కుతో మాట్లాడే పిల్ల, పొయ్యి మీద పప్పున్నది అంటోంది. ఇదెవరని అడిగాను. ఆయన నవ్వాడు. తర్వాత తన గొంతు కూడా పట్టి వినిపించాడు. నాకు అది అచ్చం ఆయన గొంతే. కానీ ఆయనకు మాత్రం పరాయి గొంతుగా ఉందట.

ఆ సంగతి నన్ను వదల్లేదు. వంట చేస్తూ చెవులు మూసుకుని మాట్లాడి చూశాను. బిందెలో తల పెట్టి మాట్లాడాను. చెవులు మూసుకుంటే నా గొంతు లావుగా, తలకాయ లోపలి నుంచి వస్తున్నట్టు ఉంది. సాయంత్రం ఆయనతో చెబితే కాసేపు ఆలోచించాడు.

"నీ మాట నీకు లోపలి నుంచి గూడ ఇనొస్తది. మాకు బయటి నుంచే. గందుకే గావచ్చు."

అంటే ఇన్నేళ్ళూ నేను వింటున్న నా గొంతు ఈ లోకంలో ఇంకెవరూ వినలేదన్నమాట. లోకమంతా విన్నదాన్ని నేను వినలేదు. ఆ రాత్రి నిద్ర పట్టేదాకా ఇదే ఆలోచన.

మా అత్తమ్మ వికారాబాదు దిక్కు పల్లె నుంచి చిన్నతనంలోనే పెళ్ళై నగరానికి వచ్చింది. నలుగు పాటలు, మంగళహారతులు, వియ్యాలవారిని ఎగతాళి చేసే పాటలు, అన్నీ వచ్చు. కానీ నేను ఆ ఇంటికి వచ్చాక ఆమె పాడగా వినలేదు. రికార్డరు బాగుపడ్డ వారం ఆమెను బతిమాలాను.

"అత్తమ్మా, ఒక్క పాట. ఈ పెట్టె ఎట్ల పట్టుకుంటదో చూద్దాం."

"పెట్టెకు పాటెందుకు?" అంది. అయినా కొంగు సర్దుకుని కూర్చుంది. అప్పగింతల పాట ఒకటి అందుకుంది. పిల్ల పని తెలియనిది, కోపం చేయకుండా నేర్పుకోండి అని వియ్యపురాలికి చెప్పే పాట. గొంతు పొడిగా మొదలై రెండో చరణానికి తడి ఎక్కింది. పాట అయ్యాక టేపు తిప్పి వినిపించాం.

ఆమె నాలా ఇదెవరని అడగలేదు. ముందుకు వంగి, చెయ్యి చెంపకు ఆనించి విన్నది. సగం పాటలోనే లేచి నిలబడింది.

"గిది నా గొంతు గాదు. మా అక్క గొంతు."

"నువ్వే గదమ్మా ఇప్పుడు పాడింది?" అన్నాడు మా ఆయన.

"పాడింది నేనే. గొంతు అక్కది," అని పైకి వెళ్ళిపోయింది.

ఆ అక్క, అంటే మా పెద్దత్తమ్మ, మా ఇంటి గడప తొక్కి అప్పటికి చాలా కాలమైంది. ఆ తగాదా పుట్టింది మా పెళ్ళిలోనే. పెళ్ళికూతురిగా పీటల మీద కూర్చున్న నాకు ఏదో గోల వినిపించింది కానీ ఏమిటో అర్థం కాలేదు. తర్వాత మా ఆయన చెప్పాడు. భోజనాల వేళ పెద్దత్తమ్మ మా పుట్టింటివాళ్ళ మీద ఎగతాళి పాట ఎత్తుకోబోయిందట. సరిగ్గా అప్పుడే మైకు సెట్టులో సినిమా పాట మోగింది. దాన్ని ఆపమని పెద్దత్తమ్మ అడిగితే, అత్తమ్మ, "ఉండనియ్యి అక్కా, ఈ కాలంల గవే ఇంటరు" అన్నదట. నలుగురిలో ఆ మాట పడేసరికి పెద్దత్తమ్మ విస్తరి ముందు నుంచి లేచి నేరుగా స్టేషన్‌కు నడిచి వెళ్ళిపోయింది. నీ గడప మళ్ళీ తొక్కను అని కబురు కూడా పంపింది. మా అత్తమ్మ అప్పటి నుంచి పాడటం మానేసింది.

ఇప్పుడు ఆమె రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక మెట్లు దిగి వచ్చేది. ఏదో పని ఉన్నట్టు దుకాణంలో అటూ ఇటూ చూసి, "ఆ పాట జర పెట్టు" అనేది. విని పైకి వెళ్ళేది. నాకు రెండు రకాల కుతూహలం మొదలైంది. ఒకటి, నిజంగా ఆ ఇద్దరి గొంతులూ అంత ఒకటేనా అని. రెండోది, ఒక మనిషి మీద అలిగి ఏళ్ళు గడిపి, అదే మనిషి గొంతు కోసం రోజూ మెట్లు దిగడం ఎలా ఉంటుందా అని. రెండోదాన్ని అడగలేను. మొదటిదాన్ని పరీక్షించవచ్చు కదా అనిపించింది.

రికార్డరు పట్టుకుని పల్లెకు పోదామన్నాను. ఆ ఊరికి కరెంటు లేదన్నాడు మా ఆయన. అయితే పెద్దత్తమ్మనే తీసుకొద్దామన్నాను. ఆయన తల గోక్కున్నాడు.

"ఆమె మొండి మనిషి. నువ్వు పోయి అడుగు. నన్ను చూస్తే తిడ్తది."

ఇద్దరం పొద్దున్నే వికారాబాదు బండి ఎక్కాం. అక్కడి నుంచి ఎడ్లబండి. పెద్దత్తమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. మా అత్తమ్మ కంటే పొడుగు, కాస్త గూని. నన్ను చూసి లేచి చెంబుతో నీళ్ళిచ్చింది. కోడలితో తగాదా లేదు కదా. మా ఆయన మాత్రం వేపచెట్టు కింద నిలబడ్డాడు.

"పెద్దత్తమ్మా, మీ గొంతు మా దుకాణంల ఒక పెట్టెల ఉన్నది," అన్నాను.

ఆమె గింజలు తీయడం ఆపింది. "నేను పాడందే నా గొంతు పెట్టెల ఎట్లున్నది?"

"అదే మాకూ తెలుస్తలేదు. మీరొచ్చి మీదేనా కాదా చెప్పాలె."

మాకు జొన్నరవ్వతో వండిన గట్క, మామిడికాయ తొక్కు పెట్టింది. మేం తింటుంటే ఎదురుగా కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి అడుగుతోంది. పెట్టె ఎంత ఉంటుంది, లోపల ఎవరన్నా ఉన్నట్టు కనిపిస్తుందా, పాట అయిపోయాక ఎక్కడికి పోతుంది. నాకు తెలిసినంత చెప్పాను. చివరికి చీర మూట కట్టుకుంది.

"నేను ఆమె ఇంటికొస్తలేను. పెట్టె తానికొస్తున్న. మెట్లెక్కను," అంది.

నాంపల్లిలో దిగి, గల్లీలోకి వచ్చి, మాట ప్రకారం దుకాణంలోనే స్టూలు మీద కూర్చుంది. పైన అత్తమ్మ ఉంది. కిందికి ఎవరొచ్చారో ఆమెకు తెలుసు, ఎందుకంటే గిన్నెల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. మా ఆయన టేపు పెట్టాడు.

పెద్దత్తమ్మ పచ్చటి దీపాన్నే చూస్తూ విన్నది. మొదటి చరణం అయ్యేసరికి ఆమె ముఖం మారింది.

"గిది నేనే," అంది మెల్లగా. "నేనెప్పుడు పాడిన?"

"మీరు గాదు పెద్దత్తమ్మా. అత్తమ్మ పాడింది."

ఆమె నన్ను నమ్మలేదు. చెవి పెట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. రెండో చరణం వచ్చింది. తనకు తెలియకుండానే ఆమె పెదవులు కదిలాయి, తర్వాత గొంతు కలిసింది. పెట్టెలోంచి ఒకటి, స్టూలు మీద నుంచి ఒకటి. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో నేను పట్టుకోలేకపోయాను. ఊపిరి తీసే చోటు కూడా ఒకటే.

మూడో చరణంలో పెద్దత్తమ్మ ఆగింది.

"తప్పు. గాడ 'బంగారు తల్లి' అనరాదు. 'ముద్దుల తల్లి' అనాలె. అమ్మ గట్లనే పాడేది."

మెట్ల మీద నుంచి జవాబు వచ్చింది. "అమ్మ బంగారు తల్లి అనేది. ముద్దుల తల్లి అని నువ్వు మార్చినవ్."

అత్తమ్మ ఎప్పుడు దిగివచ్చిందో మేం చూడలేదు. గోడ పట్టుకుని చివరి మెట్టు మీద నిలబడి ఉంది. అక్క అటు తిరగలేదు.

"నేనెందుకు మారుస్త? నువ్వు చిన్నదానివి. నీకేం యాదికుంటది?"

"నువ్వు పెండ్లయి పోయినంక అమ్మ తాన ఉన్నది నేనే గద అక్కా."

స్టేషన్లో ఇంజను ఆవిరి వదిలింది. అత్తమ్మ వచ్చి పక్కన నేల మీద కూర్చుంది. అక్క స్టూలు దిగి తనూ నేల మీదే కూర్చుంది. ఇంకో పాట తీశారు. దానిలోనూ ఒక మాట దగ్గర వాదించుకున్నారు. సాయంత్రానికి వాదన పైకి, వంటింట్లోకి వెళ్ళింది. మెట్లెక్కనన్న మనిషి మెట్లెక్కిందని ఎవరూ గుర్తు చేయలేదు.

మర్నాడు ఇద్దరినీ పైన గదిలో కూర్చోబెట్టి, వియ్యాలవారి ఎగతాళి పాటలతో సహా పాడించాం. రికార్డింగు అంటే ఏమిటో మాకు ఆ రోజే మొదటిసారి తెలిసింది. పాట మధ్యలో బండి కూత పడింది. మళ్ళీ పాడితే కింద ఎవరో ఐసు అమ్ముకుంటూ పోయాడు. మూడోసారి ఫ్యాను గరగర. ఏ చప్పుడు ఎప్పుడొస్తుందో గల్లీలో అందరికంటే ఎక్కువ నాకే తెలుసు కాబట్టి మా ఆయన ఆ పని నాకు ఒప్పగించాడు. మధ్యాహ్నం ఒక బండి వెళ్ళి ఇంకోటి వచ్చేలోపు గల్లీ కాసేపు కునుకు తీస్తుంది. అప్పుడు నేను చెయ్యి ఎత్తుతాను, ఆయన మీట నొక్కుతాడు, పాట మొదలవుతుంది. ఫ్యాను ఆపేసి, కిటికీలకు రజాయిలు వేలాడదీసి, చెమటలు కారుస్తూ పాడించేవాళ్ళం. ఉన్నది ఒక్క మైకు. ఎవరు ఎంత దూరంలో కూర్చుంటే ఎంత వినిపిస్తుందో ప్రతిసారీ మార్చి మార్చి విని, సుద్దముక్కతో నేల మీద గీతలు గీశాను. ఇద్దరక్కచెల్లెళ్ళవీ ఒకే గీత.

ఆ టేపును నలుగురూ వినడానికి కారణం మా పెళ్ళికి మైకు సెట్టు పెట్టినాయనే. ఆయన తన యాంప్లిఫైయరు రిపేరుకు తెచ్చి, పాట విని అక్కడే కూర్చుండిపోయాడు.

"వదినా, గీ పాటలు లగ్గాలల్ల పెడ్తే ఎట్లుంటది? ఇండ్లల్ల పాడెటోళ్ళు తగ్గిపోతున్నరు."

పెద్దత్తమ్మ లోపలి నుంచి విన్నది. ఆయన ఎవరో ఆమె గుర్తుపట్టింది. ఆమె బయటికి వచ్చి ఆయన్ను తలనుంచి పాదాల దాకా చూసింది.

"పెట్టు. కానీ భోజనాలప్పుడే పెట్టాలె. నడుమ ఆపొద్దు," అంది.

ఆయన చేతులు కట్టుకుని సరేనన్నాడు. ఆ ముహూర్తాల్లోనే ఒక పెళ్ళిలో ఆ టేపు మోగింది. విస్తళ్ళ ముందు కూర్చున్న ఆడవాళ్ళు లౌడ్‌స్పీకరు వైపు తిరిగి నవ్వుతూ బదులు పాటలు పాడారని ఆయనే వచ్చి చెప్పాడు. లౌడ్‌స్పీకరుకు బదులు పాడటమేమిటని నాకు మహా ఆశ్చర్యం. తర్వాత ఒక పెళ్ళికి వెళ్ళి కళ్ళారా చూశాను. నిజమే.

అలా తమ పాటలు రికార్డు చేయించుకోవడానికి ఆడవాళ్ళు రావడం మొదలైంది. ముందు కోఠి కాలేజీ అమ్మాయిలు కొందరు, తర్వాత వాళ్ళ అమ్మలు, అమ్మమ్మలు. మిషను దగ్గర ఆడమనిషి ఉంటుందని తెలియడమే మాకు పెద్ద పేరైంది. మగవాడు మైకు పెడితే పెదవి విప్పని ముసలమ్మలు నా ముందు గలగలా పాడేవారు. అందుకే మిషను నడపడం నేను పూర్తిగా నేర్చుకున్నాను. టేపు తెగితే బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించడం, టేపు రాసుకుంటూ పోయే హెడ్డు మీద పేరుకున్న ధూళిని స్పిరిటు దూదితో తుడవడం, పచ్చ దీపం ఎంత సన్నబడితే గొంతు చీలుతుందో ముందే కనిపెట్టడం. ఆడవాళ్ళ రికార్డింగు ఉంటే మా ఆయన బయట రోడ్డు మీద స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చేపోయే బండ్లవాళ్ళను హారను కొట్టవద్దని బతిమాలేవాడు.

ఒకసారి నాంపల్లి దర్గా వైపు నుంచి ఒక పెద్ద కుటుంబపు బేగమమ్మ తన వదినలు, మరదళ్ళతో వచ్చింది. పెళ్ళిళ్ళలో ఢోలక్ కొడుతూ పాడే పాటలు వాళ్ళవి. తలుపులన్నీ వేసి, బురఖాలు తీసి చుట్టూ కూర్చున్నారు. ఢోలక్ కొట్టే ఆమెను ద్వారం దగ్గర గీత మీద కూర్చోబెట్టాను. బేగమమ్మ గొంతు కొత్త జేగంటలా ఉంది. నవ్వులతో, ఒకరినొకరు పొడుచుకుంటూ పాడారు. పాటలన్నీ అయ్యాక, తను ఒక్కతే ఒక పాట పాడతానని, మిగతావాళ్ళను పక్క గదిలో కూర్చోమంది. పాడింది. వినిపించమంది. వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

తర్వాత ఉర్దూలో, "బస్, ఇక దీన్ని చెరిపెయ్యి" అంది.

"బాగా వచ్చింది కదా. ఎందుకు?" అన్నాను నేనూ ఉర్దూలోనే.

"మా ఇంట్లో అందరూ నేను బాగా పాడతానంటారు. ఎలా పాడతానో నాకే తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఇది నా వరకే."

నాకు చేతులు రాలేదు. కానీ పాట ఆమెది. ఆమె చూస్తుండగానే చెరిపేశాను. మిగతా పాటల టేపు పట్టుకుని వదినలతో నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె తనలో తాను ఏం విన్నదో అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. నా చెవికి మాత్రం ఆ పాట ఎంత బాగుందో చెప్పడానికి ఇంకెవరూ సాక్షులు లేరు.

నాటకాల వాళ్ళు రావడంతో మా పని ఇంకో దారి పట్టింది. వాళ్ళకు పాటల కంటే చప్పుళ్ళు ఎక్కువ కావాలి. వాన కావాలన్నారు. నిజం వానను పడితే టేపులో అది నూనెలో పూరీ వేగినట్టు వచ్చింది. అత్తమ్మ జొన్నలు చేటలో పోసి అటూ ఇటూ ఆడిస్తే జోరువాన. రేకుల షీటు ఊపితే ఉరుము. నిజమైనది నిజంలా వినిపించదు, కానిది వినిపిస్తుంది. ఇదేమిటని నేనూ మా ఆయనా భోజనాల దగ్గర కూడా వాదించుకునేవాళ్ళం. వంటింట్లో ఏ గిన్నె చేతికొచ్చినా మోగించి చూడటం ఇంటిల్లిపాదికీ అలవాటైంది. పెద్దత్తమ్మ పండక్కో, పంట ఇంటికొచ్చాకో వచ్చి కొన్నాళ్ళుండేది. అక్కచెల్లెళ్ళిద్దరూ గుర్రపు డెక్కల కోసం కొబ్బరి చిప్పలు పట్టుకుని వరసగా కూర్చుంటే నాటకం ఆయన పగలబడి నవ్వాడు. ఆ చప్పుడే స్టేజీ మీద రాజుగారి గుర్రమైంది.

రెండో మైకు వచ్చింది. రెండు మైకులనూ కలిపి ఒక టేపులోకి పంపే పెట్టెను మా ఆయన పాత రేడియోల సామానుతో తనే కట్టాడు. పాడేవాళ్ళకు చోటు చాలడం లేదు. తబలా, హార్మోనియం, వయొలిను వచ్చిన రోజు ఒకరు మెట్ల మీద కూర్చోవలసి వచ్చేది. డెబ్బైలు మొదలయ్యాక అబిడ్స్‌లో, పెద్ద రోడ్డు వెనక, మేడ మీద ఒక హాలు కిరాయికి దొరికింది. అంతకుముందు అక్కడ కుట్టుమిషన్ల కారఖానా ఉండేది. రైలు కూత వినిపించదు. అదే మాకు స్వర్గం.

వెళ్ళేముందు పెద్దత్తమ్మతో ఇంకోసారి పాడిద్దామనుకున్నాం. అప్పటికి ఆమెకు ఆయాసం. ఒక చరణం పాడి ఆగేది. చెల్లెలు మిగతాది అందుకునేది. అతికించి ఆ ఖాళీలు తీసేస్తానన్నాను.

"ఎందుకు తీస్తవ్? ఊపిరి తీసుకోకుంట ఎవరు పాడుతరు?" అంది పెద్దత్తమ్మ.

అలాగే ఉంచాను. మరుసటి ఎండాకాలం ఆమె పల్లెలోనే పోయింది. అత్తమ్మ వెళ్ళి పదిహేను రోజులు ఉండి వచ్చింది. వచ్చాక ఆ టేపు ఎప్పుడూ పెట్టమనలేదు. పనిచేసుకుంటూ తనే పాడుకునేది, పైకి, అందరికీ వినిపించేలా. 'ముద్దుల తల్లి' అనే పాడేది.

అబిడ్స్ హాలును మా ఆయన ఎక్కడా సందు లేకుండా తయారు చేశాడు. నాలుగు గోడలకూ కొబ్బరిపీచు, దాని మీద రజాయిలు, మళ్ళీ గోనెగుడ్డ, నేల మీద జంపఖానాలు. తలుపు వేస్తే బయటి లోకం లేనట్టే. మేం గర్వంగా ఒక మృదంగం విద్వాంసుడిని, ఒక గాయనిని పిలిచి మొదటి రికార్డింగు పెట్టుకున్నాం. గాయని పాట ఎత్తుకుని, కొంచెంసేపటికే ఆగిపోయింది. గొంతు పైకి వెళ్ళడం లేదంది. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది. విద్వాంసుడు మృదంగం మీద ఒకటి వాయించి చెయ్యి చూసుకున్నాడు.

"నా చేతులు నావి కానట్టున్నాయమ్మా," అన్నాడు.

టేపులో వింటే ఒక్క చప్పుడు కూడా అదనంగా లేదు. శుభ్రంగా ఉంది. పాట మాత్రం చచ్చిపోయి ఉంది. వాళ్ళను పంపించి ఇద్దరం హాలు మధ్యలో కూర్చున్నాం. ఇంత డబ్బూ కష్టమూ పోసి, రైలు పక్కన ఆ ఇరుకు గది కంటే అధ్వాన్నమైనది తయారు చేశామా అని మా ఆయన ముఖం చిన్నబోయింది. నేను ఊరికే చప్పట్లు కొట్టాను. చప్పట్లు నా చేతుల్లోనే ఆగిపోయాయి. మెట్ల మీదికి వెళ్ళి కొట్టాను. అక్కడ చప్పట్లు గోడకు తగిలి తిరిగి వచ్చి ఇంకా పెద్దగా అయ్యాయి. అప్పుడు అనిపించింది. పాడేవాళ్ళకు తమ పాట కొంచెమన్నా తిరిగి రావాలి. ఈ గది అంతా తీసుకుని ఏమీ ఇవ్వడం లేదు.

"ఒక గోడ మీదివన్నీ ఊడదీద్దామండీ," అన్నాను.

"కష్టపడి కట్టింది గద," అన్నాడు. కానీ ఆయనకూ తెలుసుకోవాలనే ఉంది. కత్తెర తెచ్చాడు.

ఒక్కో రజాయి తీయడం, నేను చప్పట్లు కొట్టడం, ఆయన ఆ మూల నిలబడి వినడం. మళ్ళీ చోట్లు మారడం. ఒక గోడ మొత్తం తీస్తే బావిలో ఉన్నట్టైంది. సగం మూశాం. పక్క గోదాములో అడిగి పెట్టెల చెక్కలు తెచ్చి ఏటవాలుగా నిలబెట్టాం. చప్పట్ల చివర చిన్న వెచ్చదనం లాంటిది వచ్చింది. దాన్ని ఏమంటారో మాకిద్దరికీ తెలియదు, కానీ వచ్చిన క్షణాన ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ లోపు కింద వాచ్‌మన్ పైకి వచ్చి తలుపు తోశాడు.

"పొద్దుగాల నుంచి చప్పట్లు ఇనొస్తున్నయి. పాడెటోళ్ళు ఎవరు కనబడ్తలేరు. ఎవరికి కొడ్తున్నరమ్మా?"

"గోడకు," అన్నాడు మా ఆయన.

వాచ్‌మన్ గోడ వైపు చూశాడు. చెక్కలు, చిరిగిన గోనెలు, నేల మీద గుట్టగా రజాయిలు. ఇంకేమీ అడగకుండా దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు విద్వాంసుడికి కబురు పంపాం. ఆయన మొహమాటానికి వచ్చినట్టు వచ్చి, చెప్పులు విప్పి, గదంతా ఒకసారి కలియజూశాడు. కూర్చుని మృదంగం ఒడిలోకి తీసుకుని ఒకే ఒక్క దెబ్బ వేశాడు. తల వంచి అది ఆగేదాకా విన్నాడు. సంచీలోంచి రవ్వ పొట్లం తీసి, కాస్త నీళ్ళు అడిగి, వాయించడానికి కూర్చునేముందు మృదంగం ఎడమ మూతకు అద్దే ముద్దను నింపాదిగా కలపసాగాడు. నేను మిషను దగ్గరికి వెళ్ళి కొత్త టేపు ఎక్కించాను.